ముఖం ఒక్కటే చాలదు

డొరోథియా లాంగ్ పేరు విననివాళ్లు కూడా ఆమె తీసిన ఒక ఫొటో చూసే ఉంటారు. నుదుటి మీద ముడతలు పడ్డ తల్లి, చెంపకు ఆనీ ఆనకుండా వేళ్లు, ఎటో దూరంగా నిలిచిపోయిన చూపు, ఇరుపక్కలా ఆమె భుజాల మీద తలవాల్చి మనకు ముఖం చూపించని ఇద్దరు పిల్లలు, ఒళ్లో పసిగుడ్డు. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠానీ కోత కూలీల గుడారాల్లో తీసిన ఫొటో అది. ప్రపంచం దాన్ని ‘మైగ్రెంట్ మదర్’ అని పిలుచుకుంటోంది. 1998లో అమెరికా దాన్ని తపాలా బిళ్ల మీద కూడా వేసింది. ఆ ఒక్క ఫొటో లాంగ్‌కు ఎంత పేరు తెచ్చిందో, ఆమె పనితనాన్ని అంతగా కప్పేసిందని నాకు అనిపిస్తుంది. ఆ రోజు ఆమె తన పద్ధతిలో పని చెయ్యలేదు మరి. ఆ పద్ధతి ఏమిటో తెలియాలంటే అంత పేరు రాని ఫొటోల దగ్గరికి, ముఖ్యంగా వాటి కింద ఆమె రాసిన వాక్యాల దగ్గరికి వెళ్లాలి.

లాంగ్ 1895లో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో పుట్టింది. ఏడో ఏట పోలియో వచ్చి కుడికాలు దెబ్బతింది. జీవితాంతం కుంటుతూనే నడిచింది. పన్నెండేళ్లప్పుడు తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. తల్లికి న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లోని లైబ్రరీలో ఉద్యోగం. వలస వచ్చిన కుటుంబాలతో కిటకిటలాడే ఆ వీధుల్లో ఒంటరిగా తిరుగుతూ, తాను ఎవరి కంటా పడకుండా అందరినీ చూడడం ఆ పిల్ల నేర్చుకుంది. తనను తీర్చిదిద్దింది, దారి చూపింది, అవమానపరిచింది, ఆదుకుంది కూడా ఆ కాలేనని పెద్దయ్యాక చెప్పుకుంది. కాలు ఈడ్చుకుంటూ నెమ్మదిగా వచ్చే ఆడమనిషిని చూసి గుడారాల్లో ఎవరూ బెదిరిపోలేదు.

1918లో స్నేహితురాలితో కలిసి ప్రపంచం చుట్టి రావాలని బయల్దేరింది. శాన్ ఫ్రాన్సిస్కోలో డబ్బు పోవడంతో ప్రయాణం అక్కడే ఆగింది. మరుసటి ఏడు అక్కడే పోర్ట్రెయిట్ స్టూడియో పెట్టింది. ఊళ్లోని కలిగినవాళ్లంతా వచ్చి ఫొటోలు తీయించుకునేవారు. ఆమె గురించి రాసేవాళ్లు ఈ పదిహేనేళ్లనూ ఒక పేరాలో దాటేస్తారు, పేదవాళ్ల ఫొటోలతోనే అసలు లాంగ్ మొదలైనట్టు. నేను ఒప్పుకోను. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరా కోసం తెచ్చిపెట్టుకున్న ముఖం కరిగిపోయేదాకా తొందరపడకుండా ఉండడం స్టూడియోలోనే ఒంటబడుతుంది. డబ్బున్న ఇల్లాలి ముఖంలో ఏది వెతికిందో, తర్వాత పత్తి ఏరే కూలీ ముఖంలోనూ అదే వెతికింది. ఇద్దరినీ ఒకే మర్యాదతో చూడగలగడానికి ఆ స్టూడియో ఏళ్లే కారణం.

ఆర్థిక మాంద్యం వచ్చాక స్టూడియో కిటికీ కింద పనిలేని మనుషులు తచ్చాడడం కనబడసాగింది. 1933లో కెమెరా పట్టుకుని కిందికి దిగింది. వైట్ ఏంజెల్ అని జనం పిలిచే ఒక సంపన్న మహిళ ఉచితంగా భోజనం పెట్టించే చోట వరస కట్టిన జనాన్ని తీసింది. అందరి వీపులూ మనకేసి ఉన్నాయి. ఒక్క ముసలాయన మాత్రం ఇటు తిరిగి, కర్ర కంచె మీద మోచేతులు ఆనించి, రెండు చేతులూ ముడుచుకుని నిలబడ్డాడు. చేతుల మధ్య ఖాళీ రేకు డబ్బా. నలిగిన టోపీ కళ్లను కప్పేసింది. నోరు, గడ్డం మాత్రమే కనిపిస్తాయి. కళ్లు కనిపించని ముఖంతో ఇంత చెప్పవచ్చని ఆమెకు స్టూడియో నేర్పలేదు. వీధి నేర్పింది.

ఇక రెండో గురువు పాల్ టేలర్. బర్క్‌లీలో ఆర్థికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్, వలస కూలీల మీద పరిశోధన చేసేవాడు. 1935లో కాలిఫోర్నియా సహాయ సంస్థకు నివేదిక రాస్తూ ఆమెను వెంట తీసుకువెళ్లాడు. ఫొటోగ్రాఫర్‌కు జీతమిచ్చే పద్దు ఆ ఆఫీసులో లేదు, అందుకని టైపిస్టుగా పేరు రాయించాడు. అంకెలతో పాటు ఫొటోలు అంటించిన ఆ నివేదికలు పై అధికారులను కదిలించాయి. మేరీస్‌విల్, ఆర్విన్‌లలో వలస కూలీలకు ప్రభుత్వ శిబిరాలు వెలిశాయి. ఆ డిసెంబర్‌లోనే ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. అప్పటికే ఇద్దరికీ పిల్లలున్నారు. ఫీల్డుకు వెళ్లినప్పుడల్లా ఆ పిల్లలను వేరే ఇళ్లలో ఉంచి పెంచాల్సి వచ్చింది. తల్లీబిడ్డలను అంత దగ్గరగా చూసిన ఆమెకు ఆ ఎడబాటు ఎంత బరువై ఉంటుందో ఊహించుకోవలసిందే. ఆ ఏడాదే ఆమె కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థలో చేరింది. తర్వాత ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్‌గా మారింది అదే. రాయ్ స్ట్రయికర్ నడిపిన ఆ ఫొటో విభాగం కరువు, ధూళి తుఫాన్లు, అప్పులు కమ్ముకున్న పల్లె అమెరికాను ఊరూరా తిరిగి ఫొటోలు తీయించింది.

ఇప్పుడు ఆమె పనిచేసే తీరు చూద్దాం. కారు నడిపే కుర్రాడు రోండల్ పార్ట్రిడ్జ్‌ను రోడ్డు పొడుగునా నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా అని పోరుతూనే ఉండేదట. గుడారాల దగ్గర దిగగానే కెమెరా పైకెత్తదు. కాసిని మంచినీళ్లు అడిగి, ఆ నీళ్లు చాలాసేపు తాగేది. అంతసేపూ వాళ్లు ఆమెను చూసుకుంటారు. ఎవరో, ఎందుకొచ్చిందో, కాలికేమైందో వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. వాళ్ల గురించి అడిగే ముందు తన గురించి చెప్పుకునేది. పిల్లలొచ్చి కెమెరా తడిమితే తడమనిచ్చేది. టేలర్ ఓ పక్కన పెద్దవాళ్లతో కూలి రేట్ల సంగతో, వదిలి వచ్చిన ఊరి సంగతో మాట్లాడుతుంటే ఆమె చుట్టూ తిరుగుతూ ఉండేది.

ఆ కెమెరా సంగతి కూడా చెప్పాలి. ఎక్కువగా వాడింది గ్రాఫ్లెక్స్. పెద్ద పెట్టె, ఒక్కో ఫిల్మ్ షీటు 4 అంగుళాలకు 5 అంగుళాలు. కంటికి ఆనించి చూసేది కాదు. నడుము ఎత్తున పట్టుకుని, పైకి తెరుచుకున్న తోలు గొట్టంలోకి వంగి చూడాలి. అందువల్ల రెండు మేళ్లు జరిగాయి. తీసే మనిషి ముఖానికి కెమెరా అడ్డం రాదు, తల ఎత్తితే చాలు, ఇద్దరి చూపులూ కలుస్తాయి. రెండోది, కెమెరా కిందనుంచి పైకి చూస్తుంది కాబట్టి ఎదుటి మనిషి ఆకాశం ముందు నిటారుగా నిలబడతాడు. చినిగిన ఓవరాల్స్ వేసుకున్న కౌలుదారు కూడా ఆమె ఫొటోల్లో చిన్నబోయి కనిపించడు. షట్టర్ పడితే లోపలి అద్దం లేచే చప్పుడు పక్కనున్న అందరికీ వినబడుతుంది. దొంగచాటుగా ఫొటో తీసే వీలే లేని యంత్రం అది. ఫ్లాష్ దాదాపు వాడలేదు. గుడారంలో ఎంత వెలుగుంటే అంతే.

ఫొటో తీశాక పని సగమే అయినట్టు. గబగబా కారు దగ్గరికి వచ్చి, విన్న మాటలు చెవుల్లో ఉండగానే నోటుబుక్కులో రాసుకునేది. వ్యాకరణం దిద్దకుండా, యాస మార్చకుండా వాళ్లు అన్నది అన్నట్టే. ఎంత కూలి, ఎన్ని మైళ్ల నుంచి వచ్చారు, ఎవరి కింద ఎంతకాలం సేద్యం చేశారు, ఎందుకు వదిలేశారు అన్నీ అందులో ఉంటాయి.

ఆ మాటలను ఆమె ఎంత పట్టుదలగా కాపాడిందో తెలియాలంటే ఆ రోజుల్లోనే వచ్చిన మరో పుస్తకం పక్కన పెట్టి చూడాలి. మార్గరెట్ బర్క్‌వైట్ మనకు బాగా తెలిసిన ఫొటోగ్రాఫరే. 1946లో రాట్నం వెనక కూర్చున్న గాంధీని తీసింది ఆమే. ఆమె, రచయిత ఎర్స్కిన్ కాల్డ్‌వెల్ కలిసి 1937లో దక్షిణాది పేదల మీద ఒక పుస్తకం తెచ్చారు. ఫొటోల్లోని మనుషులు అన్నట్టుగా వేసిన మాటలు తమ ఊహలేనని వాళ్లే అందులో చెప్పుకున్నారు. రెండేళ్ల తర్వాత, 1939లో లాంగ్, టేలర్ ‘యాన్ అమెరికన్ ఎక్సొడస్’ తెచ్చారు. తాము ఇస్తున్నవి ఆ మనుషులు నోటితో అన్న మాటలేననీ, వాళ్ల మనసులో ఉందని తాము అనుకున్నవి కావనీ ముందే తేల్చి చెప్పారు. బర్క్‌వైట్ ఫొటోల్లోని బలం నాకు తెలుసు. అయినా పేదవాడి నోట్లో మన మాట పెట్టడం, అతని నోటి మాటను మనం మోసుకురావడం ఒకటి కాదు. లాంగ్ రెండోదే పనిగా ఎంచుకుంది.

1937లో టెక్సస్‌లోని హార్డెమన్ కౌంటీలో తీసిన ఫొటో చూడండి. చెక్క ఇంటి ముందు ఓవరాల్స్ వేసుకున్న యువ కౌలుదార్లు వరసగా నిలబడ్డారు. చేతులకు పని లేదు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒకడు జేబులో దూర్చుకున్నాడు, ఒకడు కట్టుకున్నాడు. కండ పట్టిన మనుషులు, కూలబడినవాళ్లెవరూ లేరు. ఫొటో ఒక్కటే చూస్తే ఆదివారం ఊళ్లో కలుసుకున్న మిత్రులనుకుంటాం. కింద క్యాప్షన్ చదివితే గుండె జారిపోతుంది. అందరూ భూమి పోగొట్టుకున్న కౌలుదార్లు. అందరిలో పెద్దవాడికి 33 ఏళ్లు. అందరూ ప్రభుత్వ ఉపాధి పనుల మీద బతుకుతున్నారు. నెలకు 22 డాలర్ల 80 సెంట్లు, దాని మీద ఆధారపడినవాళ్లు ఒక్కొక్కరికి సగటున నలుగురు. అప్పట్లో టెక్సస్‌లో ఓటు వెయ్యాలంటే పన్ను కట్టాల్సి వచ్చేది, అది కట్టలేక వాళ్లలో ఎవరికీ ఓటు లేదు. నాలుగు ముక్కల్లో వయసు, భూమి, కూలి, ఓటు. కెమెరాకు ఓటు హక్కు కనబడదు. కనబడనిది ఎక్కడుందో పట్టుకుని వాక్యంలో పెట్టింది. ఇంత పొదుపుగా ఆర్థికశాస్త్రం రాసినవాళ్లను నేను ఎక్కువమందిని చూడలేదు.

మరుసటి ఏడు అదే రాష్ట్రంలోని చిల్డ్రెస్ కౌంటీలో తీసిన ఫొటోలో అసలు మనుషులే లేరు. విశాలమైన దుక్కి, ట్రాక్టరు చాళ్లు వంపు తిరుగుతూ పోయి ఒక పాడుబడ్డ ఇంటి గుమ్మందాకా వెళ్లాయి. వాకిలి లేదు, దొడ్డి లేదు, కాలిబాట లేదు. పంట తగ్గించుకుంటే ప్రభుత్వం డబ్బిచ్చేది. ఆ డబ్బు చాలాచోట్ల భూస్వామి చేతికే పోయింది, అతను ట్రాక్టరు కొని కౌలుదార్లను పంపించేశాడు. ఈ వ్యవహారమంతా ఆ చాళ్ల వంపులో ఉంది. మనుషులను తీసే ఫొటోగ్రాఫర్ మనుషులు లేని చోటును తీసి కూడా వాళ్ల గురించే చెప్పగలిగింది.

అన్నిటికన్నా నేను ఎక్కువసేపు ఆగిపోయేది 1936 జూన్‌లో మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ దగ్గర తీసిన దాని ముందు. పత్తి కమతం మీద అజమాయిషీ చేసే తెల్లవాడు, లావుపాటి మనిషి, కారు బంపరు మీద ఒక కాలు పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి ఫ్రేము ముందు భాగమంతా ఆక్రమించుకున్నాడు. అతని వెనక దుకాణం వసారాలో నల్లజాతి కూలీలు. వాళ్లు నేపథ్యంలో ఉన్నారు, చిన్నగా ఉన్నారు, కొంత నీడలో ఉన్నారు. అతని ఒళ్లు చాటున వాళ్ల చోటు ఎంతో తేలిపోయింది. ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు, తిట్టడం లేదు. ఎవరు ముందు నిలబడాలి, కారు మీద ఎవరి కాలు ఉండవచ్చు అన్నదే అక్కడి పాలన. ఫొటోను పెద్దది చేసి చూస్తే ఎడమ అంచున టేలర్ కొంచెం కనిపిస్తాడు. ఆ పెద్దమనిషిని మాటల్లో పెట్టింది ఆయనే. అతను ప్రొఫెసర్‌తో మాట్లాడుతూ దర్జాగా నిలబడితే, ఆమె కాస్త పక్కకు జరిగి వెనకున్నవాళ్లందరినీ ఫ్రేములోకి తెచ్చుకుంది.

1938లో కవి ఆర్చిబాల్డ్ మెక్లీష్ తన పుస్తకంలో ఇదే ఫొటో వాడుకున్నాడు. కానీ వెనకున్న నల్లవాళ్లందరినీ కత్తిరించేసి తెల్లవాణ్ని ఒక్కణ్నే ఉంచాడు. ఆ కత్తిరింపుతో అతను స్వేచ్ఛాజీవి అయిన అమెరికా రైతుగా మారిపోయాడు. ముఖం అదే, టోపీ అదే, కాలు పెట్టిన తీరూ అదే. చుట్టూ ఉన్నది తీసేసేసరికి అబద్ధం తయారైంది. లాంగ్ ఫ్రేములో అంచులకు ఎంత విలువుందో దీనికన్నా గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇవన్నీ చూశాక మళ్లీ నిపోమోకు వస్తే సంగతి తెలుస్తుంది. నెలరోజుల ఫీల్డు పని ముగించుకుని, వానలో ఒంటరిగా కారు నడుపుకుంటూ ఇంటికి వెళుతోంది. బఠానీ కూలీల శిబిరం అన్న బోర్డు కనబడింది. ఆగలేదు. ఇరవై మైళ్లు పోయాక మనసు ఒప్పక వెనక్కి తిప్పింది. మంచుకు పంట పాడై పని లేక జనం ఆకలితో ఉన్నారు. ఆ తల్లి దగ్గర గడిపింది పది నిమిషాలే. దూరంనుంచి గుడారమంతా పడేలా మొదలుపెట్టి ఒక్కో ఫొటోకూ దగ్గరికి జరిగింది, చివరికి గుడారం కూడా పోయి తల్లీ పిల్లలే మిగిలారు. పేరు అడగలేదు, కథ అడగలేదు. వయసు మాత్రం తెలుసుకుంది, 32. పక్కన టేలర్ లేడు, మంచినీళ్లు తాగుతూ కూర్చునే తీరిక లేదు. ఇద్దరు పిల్లల తలలను అటూ ఇటూ ఉంచి తల్లి ముఖం మీదే చూపు నిలిచేలా చేసిన కూర్పు మాత్రం స్టూడియో చెయ్యి చేసింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. శాన్ ఫ్రాన్సిస్కో న్యూస్‌లో ఫొటోలు రాగానే ఇరవై వేల పౌండ్ల తిండి సరుకులు ఆ శిబిరానికి చేరాయి. అప్పటికే ఆ కుటుంబం అక్కడినుంచి వెళ్లిపోయింది.

1978లో ఆ తల్లి ఎవరో లోకానికి తెలిసింది. ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్, ఓక్లహోమాలో పుట్టిన చెరొకీ జాతి మనిషి. ధూళి తుఫాన్లు రావడానికి చాలా ముందే కాలిఫోర్నియా చేరిన కుటుంబం. ఆ ఫొటో వల్ల తనకేమీ ఒరగలేదని ఆమె బాధపడింది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ 1960లో జ్ఞాపకం మీద రాసింది, అది నిజం కాదని కుటుంబం చెప్పింది. నలభై ఏళ్లు ప్రపంచం ఆమెను తెల్లజాతి రైతు తల్లిగా చూసింది. అడిగి ఉంటే ఈ పొరపాట్లలో ఒక్కటీ మిగిలేది కాదు, అడగడమే కదా లాంగ్ విద్య! ఆ ఫొటోలో కింద కుడి మూలన గుడారం గుంజను పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉండేది. అది అడ్డంగా ఉందని 1939లో లాంగ్ నెగెటివ్‌లో చెరిపించింది, స్ట్రయికర్‌కు నచ్చలేదు. నాకూ ఆ వేలు ఉన్న ప్రింటే ఇష్టం. ఆ చెయ్యి గుంజను పట్టుకుంది, అక్కడో గుడారం ఉందని చెబుతోంది.

పద్ధతి పూర్తిగా పండింది 1942లో. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత పశ్చిమ తీరంలోని జపాన్ సంతతివాళ్లను సుమారు 1,20,000 మందిని శిబిరాలకు తరలించారు. మూడింట రెండు వంతులమంది అమెరికా పౌరులే. ఆ తరలింపును ఫొటోలు తీయడానికి ప్రభుత్వం లాంగ్‌ను పెట్టుకుంది. ముళ్లకంచెలు, కావలి బురుజులు, తుపాకులు పట్టిన సైనికులు ఫొటోల్లో పడకూడదన్న షరతు ఉంది. ఆమె చాలా ముందునుంచే మొదలుపెట్టింది. ఇంకా తమ ఇళ్లలో ఉన్నప్పుడే, పొలాల్లో పనిచేసుకుంటున్నప్పుడే, బళ్లో పిల్లలు గుండెల మీద చెయ్యి పెట్టుకుని జెండాకు ప్రతిజ్ఞ చేస్తున్నప్పుడే తీసింది. ఏం పోతోందో చూపిస్తే ముళ్లకంచె చూపించక్కర్లేదని ఆమెకు తెలుసు.

శాక్రమెంటో దగ్గర ఫ్లోరిన్‌లో మే నెలలో తీసిన ఒక ఫొటో. స్ట్రాబెర్రీ చేలో అమెరికా సైనిక యూనిఫాంలో ఒక కుర్రాడు, పక్కన టోపీ పెట్టుకున్న తల్లి. క్యాప్షన్ చాలా పొడుగు. కుర్రాడికి 23 ఏళ్లు, 1941 జులైలో తనంతట తానే సైన్యంలో చేరాడు, కుటుంబం ఖాళీ చేసి వెళ్లడానికి సాయం చెయ్యమని సెలవిచ్చి పంపారు. తల్లికి 53, జపాన్ నుంచి వచ్చి 37 ఏళ్లయింది. 21 ఏళ్ల కిందట భర్త పోతే ఆరుగురు పిల్లలను పెంచింది. నిరుటిదాకా స్ట్రాబెర్రీ బుట్టల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఇకపై ఆమె ఒకరి కింద పని చెయ్యనక్కర్లేకుండా ఉండాలని పిల్లలు మూడెకరాలు కౌలుకు తీసుకున్నారు. మరో కొడుకూ సైన్యంలోనే ఉన్నాడు. ఆ ప్రాంతం నుంచి 453 కుటుంబాలను పంపించేస్తున్నారు. ఎక్కడా అన్యాయం అన్న మాట లేదు. నిపోమో తల్లి పక్కన ఈ తల్లిని పెట్టి చూడండి. అక్కడ దుఃఖం కనబడుతుంది, ఇక్కడ ఆ దుఃఖం ఎవరిదో, ఎవరు తెచ్చిపెట్టారో కూడా తెలుస్తుంది.

సైన్యానికీ అది అర్థమైనట్టుంది. ఎనిమిది వందల దాకా ఉన్న ఆ ఫొటోల్లో ఎక్కువ భాగాన్ని యుద్ధం ముగిసేవరకూ స్వాధీనంలో పెట్టుకుని తొక్కిపట్టారు. వాటిలో వందకు పైగా ఫొటోలు ఒక పుస్తకంగా రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. 1939లో ఆమె ఫీల్డులో రాసిన నివేదికలదీ అదే కథ. ఆ ఏడాది నార్త్ కరోలినాలో, కాలిఫోర్నియాలో, పసిఫిక్ వాయవ్య రాష్ట్రాల్లో తిరుగుతూ, ఒక్కో ఫొటోకు క్యాప్షన్ సరిపోదని ఒక చోటు మొత్తం మీద పేజీలకొద్దీ రాయడం మొదలుపెట్టింది. గార్డన్‌టన్‌లో ఆడవాళ్లంతా చేరి చర్చిని ఏడాదికోసారి కడిగి శుభ్రం చేసే రోజు గురించి ఉంది అందులో. పొగాకు ఆకు గుచ్చి బార్నులో వేలాడదీసే వరస ఉంది. ఎవరి ఇంట్లో ఏ గదిలో ఏముందో కూడా ఉంది. ఆ ఏడాది చివర్లోనే స్ట్రయికర్ ఆమెను ఉద్యోగంలోంచి తీసేశాడు. ఫొటోలు ఒకచోట, కాగితాలు ఒకచోట పడిపోయాయి. 2008లో ఆన్ విస్టన్ స్పిర్న్ అనే పరిశోధకురాలు రెంటినీ కలిపి పుస్తకం తెచ్చేదాకా చాలామందికి అవి ఉన్నట్టే తెలియదు.

1965 అక్టోబర్‌లో క్యాన్సర్‌తో లాంగ్ చనిపోయింది. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో జరగబోయే తన ప్రదర్శన కోసం మంచం మీదనుంచే ఫొటోలు ఎంచుతూ గడిపింది, మూడు నెలలకు అది జరిగింది. మాంద్యం రోజుల్లో ఆమె ప్రభుత్వానికి తీసిన ఫొటోలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో, 1942 తరలింపు ఫొటోలు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా, పెద్దది చేసుకుని చూడవచ్చు. ఆమె ఇంట్లోని నెగెటివ్‌లు, నోటుబుక్కులు ఓక్‌లాండ్ మ్యూజియంలో ఉన్నాయి. వెతికేవాళ్లు ‘మైగ్రెంట్ మదర్’తో మొదలుపెట్టకండి. హార్డెమన్ కౌంటీ అని కొట్టండి, క్లార్క్స్‌డేల్ అని కొట్టండి, ఫ్లోరిన్ అని కొట్టండి. ముందు క్యాప్షన్ చదివి తర్వాత ఫొటో చూడండి. కొన్ని ఫొటోలకు అలా చూస్తేనే అంచుల్లో ఎవరున్నారో కనబడుతుంది.